పళ్లరిగిన గుర్రానికి పథ్యం

పాతికేళ్లు దాటిన గుర్రం ముందు మోపెడు గడ్డి వేసి చూడండి. నములుతూనే ఉంటుంది; చివరికి గడ్డి ఉండలు ఉండలుగా నోట్లోంచి జారిపడుతుంది. ఎదురుగా మేత ఉన్నా చిక్కిపోతుంది. ఎందుకంటారా?

వయసులో ఉన్న గుర్రపు దవడపన్ను పొడవు సుమారు 7, 8 సెంటీమీటర్లు. అందులో చాలా భాగం ఎముకలోనే దాగి ఉంటుంది. ఇసుకలోని సిలికాయే గడ్డిలోనూ ఉంది కదా! దాన్ని నమిలి నమిలి పన్ను ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు అరుగుతుంది. అరిగినంత మేరా లోపలి నుంచి బయటికి జరుగుతుంది. ఆ నిల్వ ఎన్నేళ్లు వస్తుందో మీరే లెక్క కట్టండి. (నాకు రెండు దవడపళ్లు పోయాయి. జొన్నరొట్టెతో నా అవస్థ నాకే తెలుసు!)

కనుక దాని బదులు మనమే నమిలిపెట్టాలి. అంటే ఎండుగడ్డిని పొడి చేసి, నీళ్లలో బాగా నానబెట్టి, జావలా పెట్టాలి. గుర్రం జీర్ణకోశం ఒంటితో పోలిస్తే చిన్నది. వాంతి చేసుకునే వీలూ దానికి లేదు. అందుకే రోజుకు నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా. మెత్తగా ఉందని తవుడొక్కటే పెట్టరాదు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ; ఎముకలు గుల్లబారతాయి.

అసలు చిక్కు మరొకటుంది. కొన్ని ముసలి గుర్రాలకు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి అదుపు తప్పుతుంది. అటువంటి వాటికి రక్తంలో ఇన్సులిన్ మితిమీరితే, డెక్కను లోపలి ఎముకతో కలిపి ఉంచే పొరలు దెబ్బతింటాయి. ఇక అడుగు తీసి అడుగు వేయలేదు. చిక్కిపోయిందని జాలిపడి బెల్లం, ధాన్యం పెట్టామా, ఆ బాధను కొనితెచ్చినట్లే! బలానికి కొంచెం నూనె కలపడం మేలు, అదీ పశువైద్యుణ్ణి అడిగి.

పెళ్లి ఊరేగింపులో గుర్రం కనిపిస్తే, బెల్లంముక్క అందించే ముందు దాని వయసెంతో యజమానిని అడగండి.