ఓడ దిగాం సరే... ఎక్కడ దిగాలి?

మా ఇంట్లో అండమాన్ ట్రిప్ గొడవ టికెట్ల దగ్గర మొదలవలేదు. రూమ్ దగ్గర మొదలైంది.

ఓడలో వెళ్దామనే విషయంలో అందరిదీ ఒకటే మాట. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఉక్కునగరంలో ఉన్నన్నాళ్లూ ఆదివారం అప్పికొండ బీచ్‌కి వెళ్లి, దూరంగా ఆగి ఉన్న ఓడల్ని చూడటమే తప్ప ఒక్కటీ ఎక్కింది లేదు. మన విశాఖ పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ ఉందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెన్నై, కోల్‌కతాల నుంచి వెళ్లినన్నిసార్లు ఇక్కడి నుంచి వెళ్లదు. నెలకి ఒకటి అనుకోండి. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. తీరం దాటాక ఫోన్‌కి సిగ్నల్ ఉండదు కాబట్టి రూమ్ సంగతి ఇక్కడే తేల్చుకుని ఎక్కాలి.

నా ఫోన్లో పద్నాలుగు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. అన్నీ హేవ్‌లాక్ దీవిలో కొబ్బరిచెట్ల మధ్య కాటేజీలే. అమ్మ దగ్గర ఒక్కటే అడ్రసు: పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మావయ్య ఇల్లు.

మావయ్య అమ్మకి అన్న. శ్రీకాకుళం తీరం నుంచి ఇరవై ఏళ్ల వయసులో చేపల వేటకని వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయనొక్కడే కాదు, జంగ్లీఘాట్ చుట్టుపక్కల మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. అమ్మమ్మ పోయినప్పుడు ఓడ దొరక్క మావయ్య రాలేకపోయాడు. అమ్మ ఆయన ఇల్లు ఎప్పుడూ చూడలేదు. హోటల్ మాట ఎత్తగానే ఫోన్లో ఒకటే అరుపు: "ఏటే సెల్లీ, నా ఇల్లుండగా ఓటల్లో దిగుతారేటే? జనం నవ్వరూ?"

సరే, ఆ సెంటిమెంటు కాసేపు పక్కన పెట్టి మ్యాప్ చూద్దాం. అండమాన్ నికోబార్ మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. మధ్యధరా సముద్రంలో గ్రీస్ వాళ్ల క్రీట్ దీవి కూడా దాదాపు అంతే, 8,336. కానీ క్రీట్ ఒకే ముక్క. అక్కడ తప్పు ఊళ్లో రూమ్ తీసుకుంటే కారు పెట్రోలుతో పోతుంది. ఇక్కడ అదే నేల వందల దీవులుగా చెదిరి ఉంది. తప్పు దీవిలో దిగితే ఫెర్రీ టికెట్లు, దాంతోపాటు ఒక పూట పోతాయి. యాప్‌లో వెతికేవాళ్లకి ఇంకో తలనొప్పి పేర్లు. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. రెండు పేర్లతోనూ వెతకండి.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటే 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలు, పడవలో ఓ పావుగంట దూరంలో రాస్ దీవి, సూర్యాస్తమయానికి చిడియా టాపు, పగడాలు చూడాలంటే వండూరు నుంచి పడవ... ఇవన్నీ అక్కడి నుంచే. బారటాంగ్ వెళ్లాలన్నా ఇక్కడే ఉండాలి. జారవాల అడవి గుండా బండ్లని కాన్వాయ్‌గానే పంపిస్తారు. మొదటిది అందుకోవాలంటే తెల్లారకముందే బయల్దేరాలి.

హేవ్‌లాక్ ఫెర్రీలో రెండు గంటలకి అటూఇటూ. "పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దాం" అని నాన్న ప్లాన్ వేశారు. వద్దన్నాను. అండమాన్ గడియారం మనదే, సూర్యుడు మాత్రం విశాఖ కంటే అరగంటకి పైగా ముందు. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండకపోతే వెళ్లడమే దండగ. పడమటి వైపు రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి అంది. 2020లో మన రుషికొండకి బ్లూఫ్లాగ్ వచ్చిన జాబితాలోనే దానికీ వచ్చింది. రుషికొండ మీద ప్రేమ ఉన్నా చెప్పక తప్పదు, పోలికే లేదు.

చివరికి రాజీ ఇలా కుదిరింది: మొదటి మూడు రాత్రులు మావయ్య ఇంట్లో, రెండు హేవ్‌లాక్‌లో, ఆఖరి రెండూ మళ్లీ మావయ్య ఇంట్లో.

మార్చిలో వెళ్లాం. మావయ్య ఇల్లు రెండు గదులు. మంచం, ఫ్యాన్ ఉన్న గది మాకిచ్చేశారు. మావయ్య అరుగు మీద పడుకున్నాడు. "పడవలో తొంగున్నోడిని అల్లుడా, ఇది నాకు రాజభోగం" అన్నాడు. రోజూ కోనం పులుసు. అమ్మ, మావయ్య రాత్రి ఒంటిగంట దాకా కబుర్లు. నేను బీచ్ నుంచి రాగానే ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి సుబ్బరంగా స్నానం చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం పెరట్లో నీలం డ్రమ్ములు చూశాను. రెండు ఖాళీ. మూడోదాంట్లో అడుగున కొంచెం. అత్త బిందె పట్టుకుని పక్కింటి నుంచి వస్తోంది. బావని అడిగితే మామూలుగా చెప్పాడు. ఊరికి నీళ్లిచ్చే ధనీఖారి డ్యామ్ నిండేది వానలతోనే. ఎండాకాలం వస్తే కుళాయి రోజూ రాదు, వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకోవాలి. "రేపొస్తాదిలే బావా, నువ్వు కానీ" అన్నాడు. ఆ డ్రమ్ములు వాళ్ల ముగ్గురికి లెక్కేసి నింపినవి. అత్త రెండు రోజులుగా అదే చీరలో ఉందని నాకు అప్పుడు తట్టింది.

ఆ రాత్రి అమ్మకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు మొదటి రోజే తెలుసు" అంది. "మరి ఎందుకు చెప్పలేదు?" అంటే జవాబు లేదు.

హేవ్‌లాక్ వెళ్లాం. నేను మోజుపడి బుక్ చేసిన కాటేజీ తూర్పు తీరంలో, విజయనగర్ బీచ్ వైపు. ఫొటోలో గుమ్మం ముందే నీలం నీళ్లు. మేం చేరేసరికి ఆటు సమయం. సముద్రం ఎక్కడికో పోయింది, రాళ్లు తేలాయి. "ఇంత డబ్బు కట్టి నీళ్లులేని సముద్రం దగ్గర దిగామా?" అన్నారు నాన్న. తూర్పు తీరంలో ఇది రోజూ ఉండేదే. ఈతకి రాధానగర్ వెళ్లాలి. అంచేత రూమ్ బుక్ చేసేముందు ఆ రోజుల పోటు, ఆటు వేళలు చూసుకోండి. పొద్దున్నే లేచేవాళ్లయితే తూర్పు తీరమే నయం, గుమ్మంలోనే సూర్యోదయం.

తిరిగొచ్చాక ఆఖరి రెండు రాత్రులకి అబర్డీన్ బజార్‌లో లాడ్జి తీసుకున్నాను. మావయ్యకి ఏం చెప్పాలి? నాన్నకి మోకాళ్ల నొప్పులనీ, వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కష్టమనీ అబద్ధం ఆడాం. మావయ్య ఒక పూట మాట్లాడలేదు. రెండు పూటలా భోజనం మాత్రం వాళ్లింట్లోనే. అమ్మ లాడ్జికి రాలేదు. "నాకు చెంబుడు నీళ్లు చాలు, మీరు పొండి" అని అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: హేవ్‌లాక్‌లో రెండు మూడు రాత్రులు, మిగతావి పోర్ట్‌బ్లెయిర్‌లో. నీల్ కూడా చూడాలంటే ఇంకో రాత్రి కలపండి. ఆఖరి రాత్రి మాత్రం కచ్చితంగా పోర్ట్‌బ్లెయిర్‌లోనే. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మీ కోసం ఆగదు. అక్కడ చుట్టాలుంటే వాళ్లింటికి నడిచి వెళ్లేంత దూరంలో రూమ్ తీసుకోండి. వాళ్లకి కోపం వస్తుంది, రానివ్వండి.

మావయ్య ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదట అడిగేది నాన్న మోకాళ్ల గురించే. నాన్నేమో రోజూ పొద్దున నాలుగు కిలోమీటర్లు నడిచొస్తున్నారు. ఫోన్ మోగగానే కుర్చీలో కూర్చుని, "పర్లేదు బావా, కొంచెం తగ్గింది" అంటారు.