పాటల పెట్టెను సర్దవచ్చునా?

మన యిండ్లలో ఏ బల్ల సొరుగులోనో, ఏ పట్టుచీరల పెట్టె యడుగుననో ఒక పాత ఐపాడ్ పడియుండుట అరుదు కాదు. అమెరికాలోనున్న తమ్ముడో, కుమారుడో, అల్లుడో సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి యిచ్చినది. కొన్నాళ్లు మురిపెముగా విని, సెల్‌ఫోను వచ్చిన పిమ్మట మఱచిపోయినది. దానిని మరల వెలికి దీసి, ఛార్జి పెట్టి, పాట విందమన్నచో నడుమనడుమ నాగుచున్నట్లును, ఒక పాటనుండి మఱియొక పాటకు పోవుటకు తడవు చేయుచున్నట్లును తోచును. అంతట కంప్యూటరు విద్య నెఱిగిన పిల్లవాడొకడు, "డిస్కులో పాటలు చెదరిపోయినవి, డీఫ్రాగ్మెంటు చేసినచో సర్దుకొనును" అని ముందుకు వచ్చును. చేయనిచ్చుటయా, మానుటయా? అంగడిలో మరల కొనదగిన పాటలు మాత్రమే అందున్నచో ఇది చిన్న ప్రశ్న. మఱియెక్కడను లేని యొక కంఠధ్వని అందున్నచో చిన్న ప్రశ్న కాదు. కావున కొంచెము వివరముగా వ్రాయదలచితిమి.

2001వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ఆపిల్ సంస్థవారు మొదటి ఐపాడును ప్రకటించిరి. అందు తోషిబా వారు చేసిన 5 గిగాబైట్ల చిన్న డిస్కు అమర్చబడి యుండెను. 2014 సెప్టెంబరులో అమ్మకము నిలిపివేయబడిన ఐపాడ్ క్లాసిక్ వరకును ఈ జాతి డిస్కే వాడుకలో నుండెను. కడపటి దానియందు 160 గిగాబైట్లు పట్టెడివి. డిస్కనగా గ్రామఫోను ప్లేటు వంటి దనుకొనుడు. గ్రామఫోను ప్లేటు నిమిషమునకు 78 మారులు తిరిగిన, ఈ పళ్లెము 4200 మారులు తిరుగును. గ్రామఫోను ముల్లు ప్లేటును రాచుకొనుచు పోవును. దీని ముల్లు పళ్లెమును తాకదు, కంటికి కానరానంత యెడముతో దానిపై తేలుచుండును. తాకెనా, గీతపడి ఆ చోట వ్రాయబడినది నశించును. వీనిని క్రింద పడవేయరాదని చెప్పుట అందుచేతనే. మఱియొక భేదము కలదు. గ్రామఫోను ముల్లు అంచునుండి నడిమికి వరుస తప్పక నడచును. ఇందలి ముల్లు కోరినచోటికి ఎగిరిపోగలదు.

పెండ్లిపాటల పుస్తకము వ్రాసికొను అలవాటు గల సోదరీమణులకు ఈ చెదరుట యన నేమో సులభముగా బోధపడును. క్రొత్త పుస్తకములో పాటలు వరుసగా వ్రాయబడును. కొంతకాలమునకు పుస్తకము నిండును. అప్పుడు అక్కఱలేని పాటల నొకటి రెండు చెరిపివేసి, ఆ ఖాళీలలో పెద్ద పాట నొకదానిని వ్రాయవలసివచ్చిన నేమి చేయుదుము? మొదటి రెండు చరణములు 12వ పుటలో వ్రాసి, "తక్కినది 47వ పుటలో" అని గుర్తు పెట్టుదుము. అక్కడను చాలకున్న మంగళము 80వ పుట మూలకు పోవును. పాట చెడలేదు, పాడువారు పుటలు త్రిప్పవలెను, అంతియే. డిస్కులోను ఇట్లే జరుగును. పుస్తకమంతయు తిరిగి వ్రాసి ఏ పాట కా పాటను ఒక్కచోట చేర్చుటకే డీఫ్రాగ్మెంటు చేయుట యని పేరు. కంప్యూటర్ల విషయములో ఇది పాత యాచారమే. 1993లో వచ్చిన ఎం.ఎస్. డాస్ 6 లోనే దానికి సాధన ముండెను. ఆ దినములలో నెల కొకమారు ఈ పని చేయించి, తెరపై రంగురంగుల గడులు కదలుచుండగా చూచుచు కూర్చుండుట పలువురకు వేడుకగా నుండెను. ఆ వేడుకయే ఈనాటికిని కొందఱ మనస్సులనుండి పోలేదు కాబోలు.

అయితే పాటల పెట్టె కంప్యూటరు కాదు. దాని పని ఒక్కటే, పాటను చదివి వినిపించుట. ఈ పనికెంత వేగము కావలెనో లెక్క చూతము. సామాన్యమైన ఎం.పి.3 పాట నిమిషమునకు ఇంచుమించు ఒక మెగాబైటు. ఐదు నిమిషముల పాట ఐదు మెగాబైట్లు. ఆ పాట నూరు ముక్కలై డిస్కంతట చెదరియున్న దనుకొందము. ఇంత దురవస్థ సాధారణముగా కలుగదు. ముల్లు ఒక్కొక్క ముక్కకు ఎగురుటకు సెకనులో వెయ్యింట సుమారు 15 వంతులు, పళ్లెము తిరిగి ఆ ముక్క ముల్లు క్రిందికి వచ్చుటకు మఱియొక 7 వంతులు పట్టును. నూరు ముక్కలకును కలిపి రెండు సెకనులకు కొంచె మెక్కువ. ఐదు నిమిషముల పాటలో రెండు సెకనులు! ఆ రెండు సెకనులైనను మన చెవికి సోకవు. ఏలయన ఐపాడ్ డిస్కునుండి నేరుగా పాడదు. మొదటి ఐపాడులోనే 32 మెగాబైట్ల జ్ఞాపకపు చిప్పు ఉండెను. డిస్కు కొద్దిసేపు తిరిగి, సుమారు 20 నిమిషములకు సరిపడు పాటలను ముందుగానే ఆ చిప్పులో నింపి, తాను నిద్రపోవును. మనము వినునది చిప్పునుండియే. బిందె నింపుకొని వచ్చిన పిమ్మట బావి యెంత దూరమున నున్న నేమి?

కాబట్టి పాట ఆగుటకు చెదరుట కారణము కానేరదనియే మా యభిప్రాయము. ఎల్లప్పుడును ఒకే పాటలో ఒకే చోట ఆగినచో ఆ పాట చెడియుండవచ్చును, లేదా డిస్కులో ఆ చోటు చెడియుండవచ్చును. కొంతసేపు పాడి పూర్తిగా ఆరిపోయినచో బ్యాటరీ ముసలిదైనది. టిక్కుటిక్కుమని గడియారము వలె చప్పుడు వినవచ్చినను, తెరపై ఏడుపుమొగము బొమ్మ కనబడినను డిస్కు అవసానదశలో నున్నదని యెఱుగవలెను. ఈ లక్షణములలో దేనికిని సర్దుట మందు కాదు. కడపటి దానికి విషమే.

విషమని యేల యంటిమనగా, సర్దుట యన్నచో డిస్కుపైనున్న దానిలో చాలభాగము చదివి మఱియొకచోట వ్రాయుట. పాట వినునప్పుడు గంటలో కొద్ది నిమిషములు మాత్రమే తిరుగు డిస్కు, ఈ పనిలో గంటల తరబడి విరామము లేక తిరుగును. లోపల గాలి విసరు పంకా లేదు, వేడెక్కును. ఆరోగ్యముగా నున్న డిస్కు దీనిని భరింపవచ్చును. మూలుగుచున్న డిస్కు ఆ శ్రమలోనే కన్ను మూయవచ్చును. మఱియు మన ఊళ్లలో కరెంటు సంగతి చెప్పనక్కఱలేదు. నడిమిలో కంప్యూటరు ఆరిపోయినను, పసివాడు తీగ లాగివేసినను, అప్పుడు చేతిలోనున్న పాట ఇటు పాతచోటను గాక అటు క్రొత్తచోటను గాక పోవుటయు కలదు. బ్యాటరీ కొంత యాదా యగునని కొందఱు చెప్పుదురు. ముల్లు తక్కువ యెగురును గనుక రవంత మిగులు నేమో గాని, ఆ రవంతకై ఇంత శ్రమ మాకు గిట్టుబాటుగా తోచదు.

అన్ని పాటల పెట్టెలలోను డిస్కు లుండవు. 2004లో వచ్చిన ఐపాడ్ మినీలో ఒక్క అంగుళపు బుల్లి డిస్కుండెను. 2005లో వచ్చిన షఫుల్, నానోలలోను, తరువాత వచ్చిన టచ్‌లోను తిరుగు పళ్లెమే లేదు, చిప్పు మాత్రమే. పాట మార్చునప్పుడు పెట్టెను చెవి కానించిన డిస్కు ఉన్నదానిలో సన్నని గిరగిర వినబడును. చిప్పులో ముల్లు లేదు, ఎగురుట లేదు. ముక్క ఏ మూలనున్నను ఒక్కటే. పైగా చిప్పులోని ప్రతి గడిని ఇన్ని మారులే వ్రాయవచ్చునని హద్దు కలదు. సర్దినచో లాభము సున్న, ఆయుష్షులో తరుగుదల. 2009లో వచ్చిన విండోస్ 7 నుండి కంప్యూటర్లలోని చిప్పు డిస్కులకు ఈ సర్దుబాటు తనంతట జరుగకుండ మైక్రోసాఫ్టు వారే మాన్పించిరి.

మే మెఱిగిన యొక కుటుంబములో ఇట్టి ఐపాడ్ కలదు. 2006లో అమెరికానుండి వచ్చిన కుమారుడు దానికి చిన్న మైకు తగిలించి, తన అమ్మమ్మగారిచేత మంగళహారతులును, తలుపు దగ్గఱ పాటలును పాడించి పట్టుకొనెను. ఆమెకు అప్పటికి ఎనుబది యేండ్లు దాటినవి. నడుమ "మంచినీళ్లీయవే" అని మనుమరాలిని పిలిచిన మాటయు అందు పడినది. మఱుసటి యేడాది ఆమె పరమపదించెను. ఇటీవల ఇంటి యిల్లాలు దానిని తీసి వినబోగా టిక్కుటిక్కుమని చప్పుడు. అక్క కుమారుడు, "పిన్నీ, ఒక్క రాత్రి ఇటిమ్ము, డీఫ్రాగ్మెంటు చేసి తెచ్చెదను" అనెను. "ముందుగా అమ్మ గొంతును బయట పెట్టుము నాయనా, పిమ్మట నీ యిష్టము" అని ఆమె చెప్పెను. అతడు ఆ సాయంకాలమే ఆ ధ్వనులను కంప్యూటరు లోనికి ఎక్కించి, అక్కడనుండి రెండు పెన్‌డ్రైవులలోనికి దింపెను. రెండు నెలలైనను కాకమునుపే డిస్కు పూర్తిగా నిలిచిపోయెను. ఆ రాత్రి సర్దుట కిచ్చియుండిన ఏమగునో మేము చెప్పజాలము. ఇప్పుడు మాత్రము ఆ మంగళహారతి మూడు ఇండ్లలో నున్నది.

బయట పెట్టుట యెట్లన్నది సర్దుట కంటె ముఖ్యము, ఇందులోనే ఉచ్చులును గలవు. ఐపాడ్ ఒక కంప్యూటరులోని పాటల పట్టికకు మాత్రమే కట్టుబడియుండును. దానిని మఱియొక కంప్యూటరుకు తగిలించి ఐట్యూన్సు ద్వారా పాటలు సరిచూడబోయిన, "ఇందున్న పాటలు తుడిచివేసి ఇక్కడివి నింపవలెనా?" అను నర్థముగల ప్రశ్న వచ్చును. చదువక సరే యని నొక్కినవారి పాటలన్నియు పోవును. రెండవ యుచ్చు: తమ్ముడు అమెరికాలో దానిని మాక్ కంప్యూటరుతో వాడియుండిన, మన విండోస్ కంప్యూటరు ఆ డిస్కు వ్రాతను చదువలేక, "దీనిని ఫార్మాటు చేయవలెనా?" అని యడుగును. ఫార్మా టనగా పలక తుడుచుట. రెండింటికిని వలదనియే సమాధానము. మాక్‌తో వాడినదానిని మాక్ ఉన్నవారి యింటికే తీసికొనిపోవలెను.

పాటలు డిస్కులో మఱుగు సంచికలో నుండును. మఱుగు సంచికలను చూపుమని కంప్యూటరుకు చెప్పినచో "ఐపాడ్ కంట్రోల్" అను పేర నొకటి, దానిలో "మ్యూజిక్" అని మఱియొకటి, దానిలో ఎఫ్ అక్షరముతో మొదలగు చిన్న సంచికలు వరుసగా కనబడును. అందలి పాటలకు పేర్లుండవు, అర్థములేని నాలుగేసి అక్షరము లుండును. చూచి భయపడవలదు, పాట పేరు, పాడినవారి పేరు సాధారణముగా ఫైలు లోపలనే వ్రాయబడియుండును, కంప్యూటరులోని పాటల పట్టికలో చేర్చినంతనే బయటపడును. మైకుతో పట్టిన ధ్వనులు మాత్రము "రికార్డింగ్స్" అను సంచికలో వేఱుగా నుండును, మొదట వానినే తీయవలెను. మూలుగు డిస్కు ఎంతసేపు పలుకునో తెలియదు గనుక, దొరకని వానితో ప్రారంభించి దొరకు వానిని తరువాత చూచుకొనుట యుక్తము.

ఇంతయు చేసిన పిమ్మటను పిల్లవానికి సర్దవలెనను పట్టుదల యుండిన దానికి మంచి త్రోవ కలదు. డిస్కు నిశ్శబ్దముగా ఆరోగ్యముగా నున్నచో దానిని ఐట్యూన్సుద్వారా పూర్తిగా తుడిచి మొదటి స్థితికి తెచ్చి, పాటల నన్నిటిని తిరిగి ఎక్కింపవలెను. ఖాళీ పలకపై వ్రాసినవి గనుక అవి వరుసగానే కూర్చుండును. డీఫ్రాగ్మెంటు వలన కలుగు ఫలము ఇందే కలుగును. టిక్కుమను డిస్కైనచో దానిని తీసివేయించి, ఆ చోట జ్ఞాపకపు కార్డు నొకదానిని అడాప్టరుతో అమర్చువారు ఇప్పుడు ఉన్నారు. ఐపాడ్ వెనుక మూత తెఱచుటకు నేర్పు కావలెను, లోపలి పట్టీతీగ కాగితమువలె చిరుగును. కావున ఆ పని యింటిలో కత్తి మొనతో చేయబూనక, చేయి తిరిగినవారి కిచ్చుట మంచిది. బ్యాటరీని కూడ అప్పుడే మార్పించినచో మూత రెండవమారు తెఱవ నక్కఱలేదు.