మూలలు అరగదీసిన ట్రక్కు

ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ ఏరోస్పేస్ ఇంజనీరు. కాలిఫోర్నియాలోని మొజావే ఎడారిలో, ఎక్స్-15 రాకెట్ విమానాలు ఎగిరిన ఎడ్వర్డ్స్ స్థావరంలో నాసా కేంద్రం ఆయన కార్యాలయం. 1973లో అక్కడికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవారు. వెనకనుంచి ట్రక్కు వచ్చినప్పుడల్లా గాలి ముందు ఆయన్ని పక్కకు తోసేది, ట్రక్కు దాటిపోగానే రోడ్డు మీదకు లాగేది. ఇంకొకరైతే డ్రైవర్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవారు. అంత గాలిని నెట్టడానికి ఖర్చయ్యేది డీజిలే కదా అన్నది ఆయనకు పట్టుకుంది. చమురు సంక్షోభం కూడా ఆ ఏడాదే వచ్చిపడింది.

మూలపడిన ఒక ఫోర్డ్ డెలివరీ వ్యానుకు నాసా బృందం చుట్టూ అల్యూమినియం రేకులు బిగించింది. అన్నీ పదునైన అంచులే. దానికి షూబాక్స్ అని పేరు పడింది. పరీక్ష చాలా సాదా: బండి వేగం అందుకున్నాక న్యూట్రల్‌లో వేసి వదిలేయడం, వేగం ఎంతసేపట్లో ఎంత పడిపోతోందో కొలవడం. గాలి అడ్డు ఎక్కువైతే బండి తొందరగా నెమ్మదిస్తుంది. నిలువు అంచులు గుండ్రంగా చేస్తే గాలి అడ్డు 40 శాతం తగ్గింది. సరుకు పట్టే జాగాలో పోయింది 1.3 శాతమే! అడ్డంగా ఉన్న అంచులూ గుండ్రం చేశాక తగ్గుదల 54 శాతానికి చేరింది.

తర్వాత అసలు ట్రక్కు వంతు. క్యాబ్‌కూ ట్రైలర్‌కూ మధ్య ఖాళీని మూస్తే గాలి అడ్డు బాగా దిగింది, ఇంధన ఖర్చు 20 నుంచి 25 శాతం తగ్గింది. క్యాబ్ నెత్తిన గాలిపలకలు అమ్మే కంపెనీలు అంతకుముందే ఉన్నా, అమెరికా ట్రక్కుల ముఖం నున్నబడటం వేగం పుంజుకుంది ఈ లెక్కల తర్వాతే.

గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. అందుకే నెమ్మదిగా నడిచే మన లారీలకు నిలువు గోడలాంటి ముఖమున్నా అంత నష్టం తెలియదు. అమెరికా హైవేల మీద మాత్రం బిల్లు గట్టిగానే పడుతుంది.

మరి ట్రైలర్ ఎందుకు మొండి పెట్టెగానే మిగిలింది? ఇది ఇంజనీరింగ్ చిక్కు కాదు, జేబు చిక్కు. ట్రైలర్ చాలాసార్లు ఒకరిది, దాన్ని లాగే ట్రక్కు మరొకరిది. డీజిల్ కొనేది ట్రక్కువాళ్లయితే, ట్రైలర్ యజమాని సొంత డబ్బు పెట్టి పక్కన స్కర్టు ఎందుకు తగిలిస్తాడు? చక్రాల మధ్య వేలాడే ఆ పలకలు సుమారు 5 శాతం ఇంధనం మిగులుస్తాయి. 2004లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్మార్ట్‌వే పేరుతో కంపెనీలకు నచ్చజెప్పడం మొదలుపెట్టింది. 2008 చివర్లో కాలిఫోర్నియా 53 అడుగుల ట్రైలర్లకు ఇలాంటి అమరికలు తప్పనిసరి చేసింది. నచ్చజెప్పడం కన్నా నిబంధనే బాగా పనిచేసిందనిపిస్తుంది.

2017లో రన్ ఆన్ లెస్ అనే ఇంధన పొదుపు ప్రదర్శనలో ఏడు ట్రక్కులు మామూలు సరుకులతోనే తిరిగి గ్యాలనుకు సగటున 10.1 మైళ్లు ఇచ్చాయి. అంటే లీటరుకు దాదాపు 4.3 కిలోమీటర్లు. మామూలు ట్రక్కు ఆరేడు మైళ్ల దగ్గరే ఆగుతుంది.

ఇంకా లొంగనిది ట్రైలర్ వెనక భాగం. అక్కడ తలుపులుండాలి, గోదాము గడపకు ఆనాలి. మడిచే పలకలు వచ్చాయి కానీ, వాటిలో చాలావాటిని సరుకు దించిన ప్రతిసారీ డ్రైవరు దిగి చేత్తో విప్పాల్సి వచ్చేది.