లేని గ్రంథపాతము

తాళపత్రప్రతుల చివర లేఖకులు తరచుగా ఒక విన్నపము చేసికొనెడివారు. ఎదుటనున్న ప్రతిని చూచినది చూచినట్లు వ్రాసితిమనియు, అందు తప్పులున్నచో ఆ దోషము తమది కాదనియు, పెద్దలు మన్నింపవలెననియు దాని సారాంశము. మాతృకలో పురుగు తిన్నచోట, ఆకు విరిగినచోట లేఖకుడు ఖాళీ విడిచి ముందునకు సాగును. దానినే మన పండితులు గ్రంథపాతమందురు. మాతృకలో నిజముగా గ్రంథపాతమున్నచో లేఖకునిపై నేరము మోపుటకు వీలులేదు. కాని మాతృకలో అక్షరములు చెక్కుచెదరక యుండగా, ప్రతిని చేతికందించువాడు 'ఈ ఆకులో ఏమియు లేదు' అని పలుకగా, ఆ మాట నమ్మి లేఖకుడు ఖాళీ విడిచినచో ఆ దోషమెవరిది? 2023వ సంవత్సరాంతమున కంప్యూటరు లోకములో ఇట్టి ప్రశ్నయే పుట్టినది. దానికి సమాధానము వెదకిన తీరు గ్రంథపరిష్కరణమునందు అభిరుచిగలవారు తెలిసికొనదగినది.

కంప్యూటరు డిస్కుపై సమాచారము తనంతతాను క్రమముగా నిలువదు. ఏ ఫైలునకు ఏ పేరు, దాని భాగములు డిస్కుపై ఎచ్చటెచ్చట నున్నవి, ఇంకను ఎంత చోటు మిగిలియున్నది - ఈ లెక్కలన్నియు ఉంచు ఏర్పాటునకు ఫైలు సిస్టమని పేరు. గ్రంథాలయమునకు పుస్తకముల పట్టిక ఎట్టిదో డిస్కునకు ఇది అట్టిది. పట్టిక తప్పినచో పుస్తకమున్నను లేనట్లే.

ఫైలు సిస్టములలో జడ్.ఎఫ్.ఎస్. అనునది పేరెన్నికగన్నది. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థయందు జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ అనువారు 2001లో దీని నిర్మాణమునకు పూనుకొనిరి. 2005లో ఆ సంస్థ దీని కోడును, అనగా ప్రోగ్రామర్లు వ్రాసిన మూలపాఠమును, ఎల్లరును చదువుకొనుటకు వెల్లడిచేసెను. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ సంస్థ వశమైనది. అట్లు వెల్లడియైన పాఠమును చేతబట్టి ప్రోగ్రామర్లు 2013లో ఓపెన్ జడ్.ఎఫ్.ఎస్. అను ఉమ్మడి ప్రయత్నమును ఆరంభించిరి. నేడు లైనక్సు, ఫ్రీ బి.ఎస్.డి. వ్యవస్థలపై నడచుచున్నది ఈ శాఖయే.

జడ్.ఎఫ్.ఎస్. కీర్తికి ముఖ్యకారణము దాని అనుమానబుద్ధి. అది డిస్కును నమ్మదు. సమాచారములోని ఒక్కొక్క భాగమును వ్రాయునపుడు, అందలి విషయమునుండి ఒక సంఖ్యను లెక్కగట్టి వేరొకచోట దాచును. దీనిని చెక్‌సమ్ అందురు. తిరిగి చదువునపుడు మరల లెక్కగట్టి, రెండు సంఖ్యలును సరిపడినగాని ఆ భాగమును నమ్మదు. పాతవ్రాతపై క్రొత్తవ్రాత వ్రాయదు. క్రొత్తచోట వ్రాసి, ఆ పని ముగిసిన పిదపనే పట్టికను మార్చును. ఇన్ని కట్టుబాట్లుగల యింట దొంగ పడెననిన ఎవరు నమ్ముదురు?

2023 అక్టోబరులో దీని 2.2.0 కూర్పు వెలువడెను. అందొక క్రొత్త సదుపాయము గలదు. ఫైలునకు నకలు తీయునపుడు విషయమునంతయు మరల వ్రాయక, డిస్కుపై నున్న భాగములనే రెండు ఫైళ్ళకును ఉమ్మడిగా చూపుట దాని పద్ధతి. ఇందువలన చోటును, కాలమును కలిసివచ్చును. మరుసటి నెలలో జెంటూ లైనక్సు వాడుచున్నవారొకరు వింతసంగతి నొకదానిని తెలియజేసిరి. జెంటూలో ప్రోగ్రాములను మూలపాఠమునుండి ఎవరి యంత్రముపై వారే తయారుచేసికొనుట ఆచారము. అట్లు 'గో' అను ప్రోగ్రామింగు భాషకు చెందిన పరికరములను తయారుచేయగా, నకలైన ఫైళ్ళలో కొన్నిటియందు విషయముండవలసినచోట వరుసగా సున్నలు కానవచ్చినవి. హెచ్చరిక లేదు, ఫిర్యాదు లేదు. చెక్‌సమ్ పరీక్షయందును తప్పు బయటపడలేదు. ఏలయన జడ్.ఎఫ్.ఎస్. చేతికి వచ్చిన నకలే అట్టిది. వచ్చినదానిని అది వచ్చినట్లే పదిలపరచినది. ఖాళీ కాగితముపై వేసిన ముద్రయు ముద్రయే గదా!

సహజముగా అందరి అనుమానమును క్రొత్తగా వచ్చిన సదుపాయముపై పడినది. ఇంటిలో వస్తువు పోయినచో నిన్న చేరిన పనివానివైపు చూచుట లోకరీతి. నవంబరు 21న వెలువడిన 2.2.1 కూర్పులో ఆ సదుపాయము పనిచేయకుండ ఆపివేసిరి. అది వివేకముగల పనియే. నష్టము జరుగుచున్నదన్నపుడు ముందుగా అనుమానాస్పదమైనదానిని ఆపవలెను. కాని దానితో విచారణ ముగిసినదని వారు భావింపలేదు. ఆ సదుపాయమును ఆపినను సున్నలు కనబడుచునే యుండెను. ఆ సదుపాయము పుట్టుకయే ఎరుగని 2.1 శాఖలోను అదే దోషము కానవచ్చినది. నిన్న చేరినవాడు నిర్దోషి. దొంగ ఏండ్ల తరబడి ఇంటిలోనే యున్నాడు.

ఇట్టి దోషమును పట్టుటలో కష్టమేమనగా, అది పిలిచినపుడు పలుకదు. కావున కొందరు దానిని రప్పించు ఉపాయము పన్నిరి. ఒక చిన్న ఫైలును సృష్టించి, వెంటనే దానికి నకలు, ఆ నకలునకు మరియొక నకలు, ఇట్లు పెక్కు నకళ్ళను ఏకకాలమున తీయించి, అన్నిటిని మొదటిదానితో సరిపోల్చు ప్రోగ్రామును వ్రాసి అందరికిని పంచిరి. కొందరి యంత్రములపై దోషము త్వరలోనే దొరికినది. కొందరికి ఎంత ప్రయత్నించినను దొరకలేదు. ఆ దొరకకపోవుటయు విచారణకు పనికివచ్చినది. క్షణకాలపు వ్యవధిలో, రెండు పనులు ఒకదానికొకటి ఎదురుపడినపుడే ఇది జరుగునని తేటపడినది.

ఇప్పుడు అసలు కారణమునకు వత్తము. ఫైళ్ళలో కొన్నిటియందు సుదీర్ఘమైన ఖాళీలుండును. వానిని డిస్కుపై వ్రాయనక్కరలేదు. 'ఇచ్చట రంధ్రము గలదు' అని పట్టికలో గుర్తుంచుకొన్న చాలును. నకలు తీయు ప్రోగ్రాము ఫైలు సిస్టమును 'ఇటుపిమ్మట విషయమెచ్చట నున్నది?' అని అడిగి, రంధ్రములను దాటి పోవచ్చును. లైనక్సులో నిత్యము వాడబడు గ్నూ సంస్థవారి నకలు ప్రోగ్రాము, 2021లో వెలువడిన 9.0 కూర్పునుండి, ఈ ప్రశ్న అడుగుటను అలవాటు చేసికొన్నది. పాత దోషము అడుగడుగున తటస్థపడుటకు ఇది కొంత దోహదము చేసినది.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటలోనే చిక్కున్నది. క్రొత్తగా వ్రాసిన విషయము వెంటనే డిస్కునకు చేరదు; కొన్ని క్షణములపాటు యంత్రపు తాత్కాలిక స్మృతియందుండి, పిదప ఒక్కుమ్మడిగా చేరును. ఈ నడుమ డిస్కుపై నున్న పట్టికకు ఆ విషయము తెలియదు. కావున జడ్.ఎఫ్.ఎస్. బదులిచ్చుటకు ముందు, 'ఈ ఫైలులో ఇంకను చేరవలసినది ఏమైన గలదా?' అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఉన్నచో ముందు దానిని డిస్కునకు చేర్చి, ఆ పిదప బదులు చెప్పవలెను. అది తెలిసికొనుటకు రెండు గురుతులు గలవు. ఫైలు వివరములు మారినవని తెలుపునది మొదటిది. అందలి విషయము వ్రాయబడవలసియున్నదని తెలుపునది రెండవది. సామాన్యముగా ఇవి జంటపక్షులవలె కలిసియే యుండును. అందుచేత ఒకదానిని చూచిన చాలునని పూర్వపు ప్రోగ్రామర్లు తలచిరి. ఏండ్ల గమనములో కోడు సవరింపబడినకొలది, ఒకప్పుడు మొదటి గురుతును, మరియొకప్పుడు రెండవదానిని చూచుట జరుగుచు వచ్చినది. కాని అప్పుడే పుట్టిన ఫైలులో మొదటి భాగమును వ్రాయుచుండగా, మొదటి గురుతు చెరిగిపోయి రెండవది మిగిలియుండు లిప్తకాలము ఒకటి గలదు. సరిగా ఆ లిప్తలో నకలు ప్రోగ్రాము వచ్చి అడిగినచో, 'ఈ ఫైలులో ఏమియు లేదు' అని బదులు వచ్చును. లేఖకుడు ఆ మాట నమ్మి ఖాళీ విడుచును. మాతృకలో అక్షరములన్నియు పదిలముగా నుండగా ప్రతిలో గ్రంథపాత మేర్పడును.

దీనికి చేసిన సవరణ కొలది పంక్తులు మాత్రమే. రెండు గురుతులను చూడవలెను. ఏ ఒక్కటి యున్నను పని మిగిలియున్నట్లే యెంచవలెను. పంక్తులు కొన్నియే యైనను దానితోడి వివరణ దీర్ఘమైనది. పూర్వము ఏ గురుతును చూచిరో, రెండును కావలసివచ్చిన కారణమేమో, ఏ లిప్తలో తప్పు దొరలునో అందు వివరింపబడినది. ఆ సవరణను బహిరంగముగా నిలిపి, ఇతర ప్రోగ్రామర్లు పంక్తి పంక్తిని పరిశీలించిరి. పలు వ్యవస్థలపై పరీక్షలు నడిపిరి. పరిశీలించినవారి పేర్లు సవరణతోపాటు శాశ్వతముగా నమోదగుట అచ్చటి నియమము. బాగున్నదని తల యూపిన వారును బాధ్యులే యని దీని భావము. 2023 నవంబరు 30న ఈ సవరణతో 2.2.2 కూర్పును, పాత శాఖవారికొరకు 2.1.14 కూర్పును వెలువడినవి.

అయినను కథ సుఖాంతమని చెప్పుటకు నోరాడదు. సవరణ రాబోవు నకళ్ళను కాపాడును గాని, పాడైపోయిన నకళ్ళను తిరిగి తేజాలదు. సున్నలుగల ఫైలును చూచి, అవి సహజమైనవో దోషమువలన వచ్చినవో నిశ్చయముగా చెప్పగల సాధనము లేదు. మాతృక మిగిలియున్నవారు సరిపోల్చుకొనవచ్చును. నకలు తీసితిమిగదాయని మాతృకను చెరిపివేసినవారికి దిక్కేది? పాడైనట్లు తెలియకయే దాచుకొన్న ప్రతులు ఎచ్చటెచ్చట ఎన్నియున్నవో ఎవరును లెక్కగట్టలేరు.

మూలపాఠము 2005 నుండియు అందరికిని తెరచియే యున్నది. ఐనను ఈ లోపము అంతకాలము దాగియుండెను. తలుపు తెరచియుంచుటవేరు, లోపలికి పోయి దీపము పట్టి చూచుటవేరు. సి. పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, పండితులను నియమించి, వానిని సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ప్రతులు అటకలపై అంతకుముందును ఉన్నవే. చదువు పూనికయే లేకపోయినది. పరిష్కర్తకు తెలిసిన మరియొక సంగతియు ఇచ్చట రుజువైనది. రెండు పాఠములు ఎదురుపడినపుడు ఒకదానిని కొట్టివేసి రెండవదానిని నిలుపుట సులభము. కాని ఆ మొదటిది వ్రాసినవాడు ఏ కారణమున అట్లు వ్రాసెనో తెలియనిదే దానిని కొట్టివేయరాదు. జడ్.ఎఫ్.ఎస్.లో ఒక గురుతును తీసి రెండవదానిని పెట్టిన ప్రతివాడును సగము సత్యమును నిలిపి, సగము పోగొట్టుకొన్నాడు.

నేడు మన తాళపత్రములకును ఛాయాచిత్రములు తీసి కంప్యూటర్లలో భద్రపరచుచున్నారు. ఆకులు శిథిలమైనపిదప ఆ ఫైళ్ళే మాతృకలగును. వానికి నకలు తీయువారు, తీసిన నకలును ఒక్కమారు మూలముతో సరిచూచుకొని, ఆ పిమ్మటనే మూలమును ప్రక్కకు పెట్టుట మేలు. పూర్వపు లేఖకునివలె చివర నిలిచి క్షమాపణ కోరుటకు ఈ యంత్రలేఖకునికి నోరు లేదు.