సంఘం నుంచి సచివాలయానికి

‘సంఘం’ అనగానే మనకు ఆదివారం కూడుకునే విశ్వాసులు గుర్తుకొస్తారు. కార్మికులకూ అదే మాట ఉంది. ఆ సంఘం ఒక కూలిని ఎంత దూరం తీసుకెళ్లగలదో మన నగరం చూసింది.

బాచుపల్లి నుంచి మియాపూర్ వైపు వెళ్లేవారికి ఆల్విన్ చౌరస్తా తెలుసు. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, గడియారాలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పేరది. ఆ కంపెనీలో రోజుకు ఆరణాల కూలికి చేరిన టి. అంజయ్య గారు కార్మిక నాయకుడయ్యారు, కార్మిక మంత్రి అయ్యారు, 1980 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు.

ఇది ఎలా సాధ్యమైంది? బోనస్ రాకపోయినా, ఉద్యోగం ఊడినా, యంత్రంలో చెయ్యి పడినా కార్మికుడు మొదట వెళ్లేది సంఘం నాయకుడి దగ్గరకే. యాజమాన్యంతో మాట్లాడేది, లేబర్ ఆఫీసుకు తిరిగేది ఆయనే. కార్మికులంతా దగ్గర దగ్గర బస్తీల్లో ఉండేవారు గనుక ఆ నమ్మకమే ఎన్నికల్లో ఓటుగా మారింది. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం కూడా రాజకీయ పనులకు వేరే నిధి పెట్టుకోనిచ్చింది. అయితే దానికి చందా ఇమ్మని ఏ సభ్యుణ్ణీ బలవంతం చేయకూడదు.

1978లో ముషీరాబాద్‌లో ఇద్దరు కార్మిక నాయకులే తలపడ్డారు. జనతా పార్టీ అభ్యర్థి నాయిని నర్సింహారెడ్డి గారు అంజయ్య గారిని ఓడించారు. 2014లో తెలంగాణ తొలి హోంమంత్రి ఆయనే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. సంఘం నాయకుణ్ణి నిలబెట్టేది గేటు ముందు నిలబడ్డ కార్మికులు. ముఖ్యమంత్రి పదవి మాత్రం అంజయ్య గారికి ఢిల్లీ ఇచ్చింది. 1982లో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆయనను అందరి ముందు మందలించారు. ఆ ఫిబ్రవరిలోనే పదవి పోయింది. ఆ అవమానాన్ని తెలుగువారి ఆత్మగౌరవానికి తగిలిన దెబ్బగా ఎన్టీఆర్ జనంలోకి తీసుకెళ్లారు. 1983లో కాంగ్రెస్ ఓడిపోయింది.

కింది నుంచి వచ్చిన బలం నిలుస్తుంది. పైనుంచి వచ్చింది పైవారే తీసుకుపోతారు.

నేడు మన బాచుపల్లి చుట్టూ మందుల కంపెనీల్లో, ఐటీ భవనాల్లో మన పిల్లలెందరో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఏటా కాంట్రాక్టరు మారితే, పక్కన పనిచేసేవాడి పేరు కూడా తెలియకపోతే సంఘం ఎలా కడతారు? అంజయ్య గారు ఎక్కిన మొదటి మెట్టు వారికి అందడం లేదు. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన నాయకుణ్ణి ఒక్క మాట అడగండి: “మీరు ఎవరి కష్టంలో నిలబడి ఇంతవరకు వచ్చారు?”