కాంక్రీటు కప్పేయక ముందే చూడవలసినవి

2001 జనవరి 26వ తేదీ ఉదయం గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో సంభవించిన భూకంపంలో 13 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో సైతం పలు బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. అదే నగరంలో, అవే సిమెంటు, ఉక్కు, కంకరతో కట్టిన ఎన్నో భవనాలు మాత్రం నిలిచాయి.

కూలిన భవనాలను పరిశీలించిన ఇంజినీర్లకు కొన్ని లోపాలు పదేపదే కనిపించాయి. వాహనాలు నిలిపేందుకు గోడలు లేకుండా వదిలేసిన కింది అంతస్తు, స్తంభాలలో దూరదూరంగా కట్టిన రింగులు, సరిగా వంచని రింగుల కొనలు వాటిలో ముఖ్యమైనవి. వీటిలో మొదటిది ప్లానులోనే తెలిసిపోతుంది. మిగిలినవి కాంక్రీటు పోసిన మరుక్షణం కంటికి కనబడకుండా పోతాయి. అందుకే భవనం భద్రత కాగితంపై ఉన్న డిజైనుతో పాటు నిర్మాణ స్థలంలో రోజువారీగా జరిగే పనిపై కూడా ఆధారపడి ఉంటుంది.

రెండు పదార్థాలు, ఒకే బలం

కాంక్రీటు భారీ బరువును మోయగలదు గానీ, లాగితే అంతగా తట్టుకోలేదు. నొక్కుడును తట్టుకునే శక్తిలో దాదాపు పదో వంతు మాత్రమే సాగదీతను తట్టుకోగలదు. ఆ లోటును ఉక్కు కడ్డీలు పూరిస్తాయి. బరువు పడినప్పుడు దూలం మధ్యభాగం కిందికి వంగుతుంది. అప్పుడు దాని అడుగు భాగం సాగుతుంది. కనుక ప్రధానమైన కడ్డీలు అక్కడ అడుగున ఉండాలి. వరండా, బాల్కనీ వంటి ముందుకు పొడుచుకువచ్చిన శ్లాబులలో పరిస్థితి తలకిందులవుతుంది; అక్కడ కడ్డీలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేవారు వాటిపై నడవడంతో ఆ కడ్డీలు కిందికి అణిగిపోతే, ఉక్కు ఎంత వాడినా ప్రయోజనం ఉండదు.

రింగు చేసే పని

పునాది గుంత తవ్వి, అడుగున పలుచటి కాంక్రీటు పరచి, దానిపై కడ్డీల జాలీ అమర్చి ఫుటింగ్ వేస్తారు. అందులో నుంచే స్తంభాల నిలువు కడ్డీలు పైకి లేస్తాయి. వాటిని చుట్టి ఉంచే అడ్డు కడ్డీలనే మేస్త్రీలు రింగులు అంటారు. నిలువు కడ్డీలను పట్టి ఉంచడమే రింగుల పని అని చాలామంది భావిస్తారు. నిజానికి భూమి కంపించినప్పుడు లోపలి కాంక్రీటు పగిలి చెదిరిపోకుండా కట్టి ఉంచేవి, నిలువు కడ్డీలు పక్కకు ఉబికిరాకుండా ఆపేవి ఇవే.

భూకంప ప్రాంతాలలో నిర్మాణానికి భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 13920 నియమావళి 1993లో వెలువడింది. 2016లో దాన్ని సవరించారు. దీని ప్రకారం స్తంభం, దూలం కలిసే చోటుకు సమీపంలో రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లకు మించరాదు. రింగు కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలి. లంబంగా, అంటే 90 డిగ్రీలు మాత్రమే వంచితే, కంపనాలకు పైపొర రాలిపోగానే ఆ కొన విచ్చుకుంటుంది. నిలువు కడ్డీల అతుకును అంతస్తు మొదట్లో కాకుండా, స్తంభం ఎత్తులో మధ్యభాగాన వేయాలి. ఇది గుజరాత్‌కే పరిమితమైన విషయం కాదు. 2002 నాటి భూకంప మండలాల పటంలో విజయవాడ మూడో మండలంలో ఉంది. ఈ నియమావళి అక్కడా వర్తిస్తుంది.

కడ్డీకి కవచం

కడ్డీకి, కాంక్రీటు వెలుపలి తలానికి మధ్య ఉండే మందాన్ని కవర్ అంటారు. ఐఎస్ 456 ప్రకారం స్తంభాలకు సాధారణంగా కనీసం 40, ఫుటింగులకు 50 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. సముద్ర తీరపు గాలికి నేరుగా గురయ్యే భాగాలకు 45 మిల్లీమీటర్లు అవసరం. కవర్ తగ్గితే తేమ, ఉప్పు లోపలికి చేరి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. కడ్డీల కింద రాతి ముక్కలకు బదులు సిమెంటుతో చేసిన కవర్ బ్లాకులు పెట్టడం ఇందుకే.

ఎక్కువ నీరు, తక్కువ బలం

సిమెంటుతో రసాయనికంగా కలిసిపోయే నీరు దాని బరువులో సుమారు నాలుగో వంతు మాత్రమే. కలపడానికి, పోయడానికి వీలుగా ఉండేందుకు మరికొంత అవసరమవుతుంది. సిమెంటు బరువులో సగం నీరు వాడాలని నిర్ణయిస్తే, 50 కిలోల బస్తాకు 25 లీటర్లు సరిపోతుంది. ఇసుకలోని తడిని కూడా ఈ లెక్కలోనే చూడాలి. పని సులువు కావడానికి అదనంగా పోసిన నీరు ఆరిపోయాక సన్నని రంధ్రాలను మిగులుస్తుంది. వాటి వల్ల బలం తగ్గుతుంది, తేమకు దారి ఏర్పడుతుంది.

కాంక్రీటును ఒకటిన్నర మీటరుకు మించిన ఎత్తు నుంచి జారవిడిస్తే కంకర ఒకవైపు, సిమెంటు పాలు మరొకవైపు విడిపోతాయి. వైబ్రేటరుతో గాలి బుడగలను తొలగించకపోతే లోపల తేనెపట్టు వంటి ఖాళీలు మిగులుతాయి. సెంట్రింగ్ విప్పాక పైపైన సిమెంటు పూసినంత మాత్రాన ఆ లోపం తీరదు.

తొందర తెచ్చే ముప్పు

కాంక్రీటు ఎండడం వల్ల గట్టిపడదు; తడిగా ఉంటేనే బలం పుంజుకుంటుంది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, బూడిద వంటి పదార్థాలు కలిసిన సిమెంటు వాడితే కనీసం 10 రోజులు తడి ఆరనివ్వరాదు. పొడి వేడి వాతావరణంలోనూ 10 రోజుల గడువే వర్తిస్తుంది. స్తంభాలకు గోనె పట్టాలు చుట్టి తడపడం, శ్లాబుపై మట్టి గట్లు కట్టి నీరు నిలపడం మన ప్రాంతాలలో ఎంతోకాలంగా ఉన్న మంచి పద్ధతులు.

సెంట్రింగ్ విప్పడంలోనూ తొందర పనికిరాదు. సాధారణ సిమెంటుతో, 15 డిగ్రీలకు తగ్గని ఉష్ణోగ్రతలో, నాలుగున్నర మీటర్ల వరకు వెడల్పున్న శ్లాబు కింది ఊతకర్రలను 7 రోజుల వరకు, ఆరు మీటర్ల వరకు పొడవున్న దూలం కింది ఊతలను 14 రోజుల వరకు తీయరాదు. అంతకు మించిన పొడవులకు గడువు ఇంకా పెరుగుతుంది.

యజమాని చేయగలిగినది

ఇల్లు కట్టించుకునేవారు ఇంజినీర్లు కానవసరం లేదు. కాంక్రీటు పోసే ముందు రోజు డ్రాయింగును చేతబట్టుకుని, బాధ్యుడైన ఇంజినీరుతో కలిసి కడ్డీలను లెక్కించవచ్చు. రింగుల దూరాన్ని టేపుతో కొలవవచ్చు, ఫొటోలు తీసి భద్రపరచవచ్చు. పోసిన రోజునే అదే మిశ్రమంతో 150 మిల్లీమీటర్ల ఘనాలు చేయించి 28 రోజులకు ప్రయోగశాలలో పరీక్షింపజేయవచ్చు. ఎం20 రకం కాంక్రీటు పేరులోని 20 అనే అంకె, ఆ పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు అది తట్టుకోవలసిన న్యూటన్ల బలాన్ని సూచిస్తుంది.

ఈ తనిఖీకి పట్టేది ఒక పూట. రింగు కొన వంచి ఉన్నదీ లేనిదీ ఆ పూట ఎవరైనా చూడగలరు. కాంక్రీటు గట్టిపడిన తరువాత దాన్ని పగులగొట్టకుండా సరిదిద్దడం ఎవరి తరమూ కాదు.