మన ప్యానెల్ బోర్డుతో ఎవరికేం పని? : అపోహలు, వాస్తవాలు

పత్తి మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్సు, మిర్చి టిక్కీలు దాచే కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసరు, ఊరికి తాగునీరు ఎత్తిపోసే పంపుహౌసు. ఇప్పుడు చాలాచోట్ల వీటిని నడిపేది గోడకు బిగించిన ఓ ఇనుప పెట్టె. వాడుకలో ప్యానెల్ బోర్డు అంటాం. దాని లోపల ఉండే చిన్న కంప్యూటరు పేరు పీఎల్‌సీ. ఏ మోటారు ఎప్పుడు ఆడాలో, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో అదే నిర్ణయిస్తుంది. పొదిలి, కనిగిరి, దర్శి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య ఎంత పాతదో అందరికీ తెలుసు. బోరు నీటిని నమ్ముకోలేని ఊళ్లకు దూరం నుంచి పైపుల్లో, పంపుల మీద నీళ్లు రావలసిందే. అలాంటి చోట ఓ పంపు రెండు రోజులు ఆగితే ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఆ ఇనుప పెట్టె భద్రత గురించి మాట్లాడుకోవాలి. మాట్లాడదామంటే మొదట అడ్డొచ్చే మాట ఒకటుంది: ‘హ్యాకర్లకు మన ఊరితో ఏం పని? వాళ్లకు ఢిల్లీ, ముంబయి ఉన్నాయిగా!’ మిగతా అపోహలన్నీ దీని కడుపున పుట్టినవే.

మొదట ఈ మాటే చూద్దాం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిక్విప్పా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నీటి సంస్థకు ఉన్న వినియోగదారులు ఏడు వేల లోపే. 2023 నవంబరు 25న ఆ సంస్థ బూస్టర్ స్టేషన్‌లో నీటి ఒత్తిడిని చూసుకునే పీఎల్‌సీ తెర మీద, రోజూ కనిపించే అంకెలకు బదులు, ఇజ్రాయెల్‌లో తయారైన ప్రతి పరికరమూ తమకు గురేనన్న హెచ్చరిక కనిపించింది. సిబ్బంది వెంటనే చేత్తో నడిపే పద్ధతికి మారారు కాబట్టి సరఫరా ఆగలేదు. ఈ పని చేసింది ఇరాన్ సైనిక విభాగంతో సంబంధమున్న ముఠా అని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ఆ ముఠా అలిక్విప్పాను ఏరికోరి ఎంచుకోనక్కర్లేదు. వాళ్లు వెతికింది యూనిట్రానిక్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీ పరికరాల కోసం. ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించి ఉన్న ఇలాంటి పరికరాలను వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్లు ఉన్నాయి, వాటిని ఎవరైనా వాడుకోవచ్చు. ఆ దాడుల తర్వాత అమెరికా సైబర్ భద్రతా సంస్థ ఇచ్చిన సలహాల్లో ముందున్నది, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చమని. ఆ పాస్‌వర్డు 1111. అలిక్విప్పా ఘటన జరిగిన కొద్దిరోజులకే ఐర్లాండ్‌లోని మేయో కౌంటీలో, గ్రామస్థులే నడుపుకునే ఓ నీటి పథకం మీద ఇదే పద్ధతిలో దాడి జరిగి 160 ఇళ్లకు రెండు రోజులు నీళ్లు రాలేదు. 160 ఇళ్లంటే మన దగ్గర ఓ చిన్న పల్లె. వీధిలో ప్రతి తలుపూ తోసి చూసే దొంగ ఇంటివాడి పేరు అడగడు. ఊరు చిన్నదన్నది రక్షణ కాదు. పైగా చిన్న ఊళ్లో ఈ పనికంటూ ఒక మనిషి ఉండడు కాబట్టి తలుపు తెరిచి ఉండే అవకాశమే ఎక్కువ.

‘మా మెషిన్లకు ఇంటర్నెట్టే లేదు’ అన్నది రెండో ధీమా. చెప్పేవాళ్లు నిజమనే నమ్మి చెబుతారు. 2019 అక్టోబరు 29న కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం కూడా అదే చెప్పింది: తమ నియంత్రణ వ్యవస్థలు బయటి నెట్‌వర్కుతో కలిసి లేవు, సైబర్ దాడి సాధ్యం కాదు అని. మర్నాడే దాన్ని నడిపే అణువిద్యుత్ సంస్థ తమ వ్యవస్థలో మాల్వేర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ దొరికిన మాట నిజమేనని ఒప్పుకుంది. అది చేరింది పరిపాలనా పనులకు వాడే, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరులోకి. రియాక్టరును నడిపే వ్యవస్థలోకి కాదు. గోడ నిలబడింది, మంచిదే. కానీ ‘సాధ్యం కాదు’ అన్న మాట ఒక్కరోజు కూడా నిలబడలేదు. ఇంటర్నెట్ లేనిచోటికీ వైరస్ చేరుతుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కేంద్రంలో యంత్రాలను దెబ్బతీసింది. అది పాకిన ముఖ్యమైన దారుల్లో పెన్‌డ్రైవ్ ఒకటి. సిమాంటెక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ లెక్కలో ఆ వైరస్ ఎక్కువగా సోకిన దేశాల్లో ఇరాన్, ఇండోనేషియా తర్వాత మూడోది మనదే. ఇక చిన్న మిల్లుల సంగతికొస్తే, ఇంటర్నెట్ లేదనుకునే ప్యానెల్‌లో సిమ్ వేసిన చిన్న రౌటరు ఉండవచ్చు. రిపేరు వస్తే కంపెనీవాళ్లు తమ ఆఫీసు నుంచే సరిచేయడానికి పెట్టి వెళ్లింది. దాన్ని బిల్లులో ‘రిమోట్ సర్వీస్’ అని ఒక్క ముక్కలో రాస్తారు. ఆ సిమ్ బిల్లు ఎవరు కడుతున్నారో అడిగితే గానీ అది ఉన్నట్టు యజమానికి తెలియదు.

అసలు ఇంటర్నెట్ ప్రమేయమే లేకుండా జరిగిన దాడి కూడా ఉంది. నా ఉద్దేశంలో మన ఇంజనీర్లు అన్నిటికన్నా ముందు చదవాల్సింది దాన్నే. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో మురుగునీటి పంపులు వాటంతటవే ఆగిపోవడం, అలారాలు మోగకపోవడం మొదలైంది. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి, ఓ హోటల్ ఆవరణలోకి పారింది. ఎక్కడో తేడా చేసిందనుకున్న సిబ్బందికి కొంతకాలం అంతుపట్టలేదు. చివరికి దొరికింది, ఆ వ్యవస్థను బిగించిన కాంట్రాక్టు కంపెనీలో అంతకుముందు పనిచేసి మానేసిన వ్యక్తి. అక్కడి స్థానిక కౌన్సిల్ ఉద్యోగం ఇవ్వలేదన్న కోపంతో, కారులో ల్యాప్‌టాప్, రేడియో సెట్టు పెట్టుకుని పంపులకు ఆదేశాలు పంపాడు. పంపులు మాట విన్నాయి. ఆదేశం ఎవరిదని అవి అడగవు. 1979లో పుట్టి, నేటికీ పరిశ్రమల్లో విస్తారంగా వాడుకలో ఉన్న మోడ్‌బస్ అనే పరికరాల భాషలో అసలు పాస్‌వర్డు అన్న ఏర్పాటే లేదు. లైను మీదకు వచ్చినవాడి మాటే చెల్లుతుంది. కాబట్టి ‘కంప్యూటర్లలో యాంటీవైరస్ ఉంది, ఇక భయం లేదు’ అనడం సరికాదు. ఆఫీసు కంప్యూటరుకు వేసే మందు పీఎల్‌సీకి పనిచేయదు.

భద్రత మాటెత్తితే మిల్లువాళ్ల నుంచి ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. సీజన్లో రాత్రీపగలూ ఆడే ప్రెస్సును సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం ఆపలేం, పాత పీఎల్‌సీకి అప్‌డేట్లే రావు, కొత్తది కొనాలంటే లక్షలు. ఇందులో అబద్ధం లేదు. కానీ రక్షణ అంటే అప్‌డేట్ ఒక్కటే అనుకోవడం దగ్గరే పొరపాటు. 2021లో తెలంగాణలో కరెంటు సరఫరాను సమన్వయం చేసే లోడ్ డిస్పాచ్ కేంద్రం చైనా ముఠాల గురిలో ఉందని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించినప్పుడు ఆ రాష్ట్ర ట్రాన్స్‌కో ఏం చేసింది? అనుమానిత సర్వర్లను అడ్డుకుంది, దూరం నుంచి బ్రేకర్లు నడిపే సదుపాయాన్ని ఆపింది, పాస్‌వర్డులు మార్చింది. ఈ మూడింటిలో కొత్త యంత్రం కొనాల్సిన పని ఒక్కటీ లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2019 ఏప్రిల్ నెలాఖరులో, ఆంధ్ర, తెలంగాణ డిస్కంల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపు ఆగింది. కరెంటు మాత్రం ఆగలేదు. ‘చూశారా, ఏమీ కాలేదు’ అని దాన్ని మరచిపోయినవాళ్లున్నారు. బిల్లుల వ్యవస్థ వేరు, సబ్‌స్టేషన్లను నడిపే వ్యవస్థ వేరు. ఆ ఎడం వల్లే కరెంటు ఆగలేదు. ఆ ఎడమే మన మిల్లుల్లో చెరిగిపోతోంది. ఖర్చు కలిసొస్తుందని సీసీ కెమెరాల డీవీఆర్, ఆఫీసు వైఫై, ప్యానెల్ అన్నీ ఒకే రౌటరుకు తగిలిస్తున్నారు. 2022లో మన ఉత్తరాది లోడ్ డిస్పాచ్ కేంద్రాల మీదకు వచ్చిన ముఠా, తన ఆదేశాలు నడపడానికి వాడుకున్నది హ్యాక్ చేసిన కెమెరాలు, డీవీఆర్‌లనే అని రికార్డెడ్ ఫ్యూచర్ అనే పరిశోధన సంస్థ బయటపెట్టింది.

అలాగని ఆటోమేషనే వద్దని నేననను. అమ్మోనియా ఒత్తిడిని నిద్రపోకుండా చూసే యంత్రం రాత్రి డ్యూటీ మనిషికి అండ. అయితే ఆ యంత్రం మీద మరో కాపలా ఉండాలి, అది సాఫ్ట్‌వేర్ కాకూడదు. ఒత్తిడి మించితే దానంతట అదే తెరుచుకునే సేఫ్టీ వాల్వును, ట్యాంకు నిండితే నీటిని ఆపే ఫ్లోటు వాల్వును ప్రపంచంలో ఏ హ్యాకరూ తాకలేడు. అవి పనిచేస్తున్నాయో లేదో ఏటా పరీక్షించాలి. చేత్తో నడపడం తెలిసిన ఆపరేటర్లను పోగొట్టుకోకూడదు. అలిక్విప్పాలో నీళ్లు ఆగకుండా చూసింది వాళ్లే. ఇంకో చిన్న విషయం. చాలా పీఎల్‌సీల ముఖం మీద తాళంచెవి తిప్పే స్విచ్చు ఉంటుంది: ప్రోగ్రామ్ మార్చడానికి ఒక వైపు, కేవలం నడవడానికి మరో వైపు. 2017లో సౌదీలోని ఓ పెట్రోకెమికల్ కర్మాగారంలో, ప్రమాదాలను ఆపాల్సిన భద్రతా కంట్రోలర్‌లోకే దాడిచేసినవాళ్లు చొరబడగలిగారు. ఒక ముఖ్య కారణం, ఆ తాళంచెవిని ప్రోగ్రామ్ వైపు తిప్పి అలాగే వదిలేయడం.

మిల్లు యజమానులకు, కోల్డ్ స్టోరేజీల వాళ్లకు, నగర పంచాయతీ ఇంజనీర్లకు నా విన్నపం ఇదే. సీజను మొదలయ్యేలోగా ఒకసారి ప్యానెల్ తలుపు తెరవండి. తాళంచెవిని రన్ వైపు తిప్పి, తీసి, బీరువాలో పెట్టండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్పించండి. రౌటరు ఉంటే దాని కరెంటు తీసేసి, సర్వీసు అవసరమైనప్పుడే ఇవ్వండి. కెమెరాలను వేరే కనెక్షన్‌కు మార్చండి. ప్రోగ్రామ్ కాపీ ఒక్క కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌లోనే ఉంటే, దాన్ని అడిగి తీసుకుని మీ దగ్గర దాచండి. సర్వీసు ఒప్పందం తిరగరాసేటప్పుడు, పని మానేసిన వాళ్ల పాస్‌వర్డులు అదే రోజు రద్దు చేయాలని ఒక షరతు చేర్చండి. ఏదైనా తేడా కనిపిస్తే పరువు పోతుందని దాచొద్దు. సైబర్ దాడిని గుర్తించిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని ఆ సంస్థే ఇచ్చిన 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం చెబుతోంది. సెర్ట్-ఇన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. దాన్ని ప్యానెల్ తలుపు మీద, మెకానిక్ నంబరు పక్కనే రాసిపెట్టండి.